వార్షిక నివేదిక: నుంగంబాక్కంలో దొరికిన సిల్వియా

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఉగాది వేడుక, పిల్లల పద్యాల పోటీ, కార్తీక వనభోజనాలు ఎప్పటిలాగే జరిగాయి. ఫోటోలన్నీ వాట్సాప్ గ్రూపులో వచ్చేశాయి కనుక వాటి గురించి మళ్లీ రాయడం లేదు. ఈ ఏడాది కొత్తగా పెట్టింది ఖగోళ ప్రసంగం. "తెలుగు సంఘానికి గ్రహశకలాలెందుకండీ?" అని కమిటీలోనే ఒకరిద్దరు గొణిగారు. తీరా ఆ రోజు హాల్లో కుర్చీలు చాలలేదు.

ప్రసంగం సిల్వియా అనే గ్రహశకలం (సూర్యుడి చుట్టూ తిరిగే చిన్న రాతి గోళం లాంటిది) గురించి. 1866 మే 16న, కృత్తిక కార్తె ఎండల్లో, మన నుంగంబాక్కంలోని మద్రాసు అబ్జర్వేటరీ నుంచి ఖగోళ శాస్త్రవేత్త నార్మన్ పోగ్సన్ దీన్ని కనిపెట్టారు. ఆకాశాన్ని ఫోటో తీసి గ్రహశకలాలు వెతికే పద్ధతి ఇంకా రాని కాలమది. నక్షత్రపటం దగ్గర పెట్టుకుని, టెలిస్కోపులో కనిపించే చుక్కల్ని ఒక్కొక్కటే సరిచూసుకోవాలి. పటంలో లేని చుక్క తగిలితే దాని చోటు గుర్తు పెట్టుకుని, అది కదులుతోందో లేదో మళ్లీ చూడాలి. అంతకు ఐదేళ్ల ముందు ఇక్కడే ఆయనకు మరొకటి దొరికింది. ఆసియా ఖండం నుంచి కనిపెట్టిన మొదటి గ్రహశకలం కావడంతో దానికి 'ఆసియా' అనే పేరు పెట్టారు.

సిల్వియా ఉండేది అంగారకుడికీ గురుడికీ మధ్యనున్న గ్రహశకలాల వలయం బయటి అంచున, సూర్యుడికి సగటున 52 కోట్ల కిలోమీటర్ల దూరంలో. ఒక చుట్టు తిరగడానికి ఆరున్నరేళ్లు పడుతుంది. కోలగా, సుమారు 360 కిలోమీటర్ల పొడవుంటుంది. అంత పెద్దదీ 5 గంటల 11 నిమిషాల్లో తన చుట్టూ తాను తిరిగేస్తుంది! 2001లో దీనికో చందమామ ఉందని తెలిసింది. 2005లో రెండోదాన్నీ ప్రకటించారు. రెండు చందమామలున్నట్టు తేలిన మొదటి గ్రహశకలం ఇదే. వాటి తిరుగుడును బట్టి సిల్వియా బరువు లెక్కకడితే, సాంద్రత నీటికంటే కాస్తే ఎక్కువని తేలింది. లోపల బోలెడు ఖాళీ ఉండాలని అప్పట్లో పరిశోధకులు అన్నారు.

చందమామల పేర్లు రోములస్, రెమస్. రోమన్ల కథలో సిల్వియా అనే ఆమెకు పుట్టిన కవలలు వీళ్లే. "మరి వాళ్ల నాన్నెవరు?" అని ముందు వరసలోని ఓ పాప అడిగింది. "రోమన్ల యుద్ధదేవుడు మార్స్, అంటే మన అంగారకుడమ్మా" అన్నారు వక్త. హాలంతా నవ్వులే.

తర్వాత కొందరం వాతావరణ కార్యాలయం ఆవరణలోని పాత అబ్జర్వేటరీ రాతిస్తంభం చూసొచ్చాం. 1792 నాటిది. లాటిన్, తమిళాలతోపాటు తెలుగులోనూ శాసనం చెక్కి ఉంది. ఇన్నేళ్లుగా ఆ రోడ్డునే పోతూ వస్తూ మనలో చాలామంది దాన్ని చూడనేలేదు.

1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని పోగ్సన్ మన బందరు వెళ్లి చూశారు. ఆయన సహాయకుడు చింతామణి రఘునాథాచారి వనపర్తి వెళ్లారు. వచ్చే ఏడాది ప్రసంగం దీని మీదే పెడదామని కమిటీ ప్రతిపాదన. సర్వసభ్య సమావేశంలో ఆమోదించగలరు. ప్రొజెక్టర్ అద్దె బాగా పెరిగింది కాబట్టి, చందా బకాయిలున్నవారు ఆలోగా కట్టేయండి.

ఇట్లు,
కార్యదర్శి