సీ కయాక్ చేతిపట్టులు ప్రమాదకరంగా ఉన్నాయి: మార్చి ఇవ్వవలసిందిగా ఫిర్యాదు

కస్టమర్ సేవా విభాగం వారికి,

అయ్యా,

మీరు పంపిన సీ కయాక్‌కు (సముద్రంలో తెడ్డుతో నడిపే సన్నటి పడవకు) అణియం అంటే ముందు కొస దగ్గర, అమరం అంటే వెనక కొస దగ్గర బిగించిన చేతిపట్టుల గురించి ఈ ఫిర్యాదు. ఒడ్డున పడవను మోయడానికి అవి బాగానే ఉన్నాయి. కానీ పడవ బోల్తా కొట్టాక నీళ్లలో ఉన్న మనిషి పట్టుకునేదీ వాటినే. ఆ పనికి అవి పనికిరావు.

మీరు పెట్టింది నైలాన్ పట్టీని మడిచి కుట్టిన ఉచ్చు. నాలుగు వేళ్లూ అందులో దూరిపోతాయి. అల తగిలి కయాక్ పొర్లితే ఉచ్చు వేళ్లను చుట్టుకుని మెలి పడుతుంది. ఒక్క మెలి పడ్డాక వదిలేద్దామన్నా చెయ్యి రాదు. కాక్‌పిట్‌లో, అంటే మనిషి కూర్చునే గుంటలో, 100 లీటర్ల సముద్రపు నీళ్లు చేరితే ఆ నీళ్ల బరువే 100 కిలోలు దాటుతుంది. అంత బరువు అల ఊపుకి తిరుగుతుంటే ముందు విరిగేవి వేళ్లే.

దీనికి బదులు గట్టి ప్లాస్టిక్ హ్యాండిల్ పంపుతామని మీ సిబ్బంది అన్నారు. అదీ వద్దు. కదలకుండా బిగించిన హ్యాండిల్ పడవతోపాటే తిరుగుతుంది, మణికట్టును మెలిపెడుతుంది.

కావలసింది తాడుకు వేలాడే అడ్డకర్ర లాంటి పిడి, అదే టాగిల్. పిడి గుప్పిట్లో ఉంటుంది, తాడు వేళ్ల సందులోంచి బయటికి వస్తుంది. పడవ పొర్లితే మెలి పడేది తాడుకే. గుప్పిట విప్పితే చాలు, చెయ్యి వచ్చేస్తుంది. పిడి 10 నుంచి 12 సెం.మీ. పొడవుంటే తొడుగు వేసుకున్న చేతికీ సరిపోతుంది. మడిచి కట్టిన తాడు రెండు పాయల మధ్య వేలు దూరే సందు ఉండకూడదు. రెంటినీ కలిపి ఒక గొట్టం తొడిగితే ఆ బెంగ తీరుతుంది. తాడు మరీ పొట్టిదైతే వేలి కణుపులు పడవకు కొట్టుకుంటాయి. పొడుగైతే పిడి దారి పొడవునా టకటకమంటూ ప్రాణం తీస్తుంది, కాబట్టి డెక్ (పడవ పైభాగం) మీది ఎలాస్టిక్ కింద దోపుకునేంత ఉంటే చాలు.

తాడు 6 మి.మీ. పాలియెస్టర్‌ది ఇవ్వండి. నైలాన్ తడిస్తే ఎక్కువ సాగుతుంది, పాలీప్రొపిలీన్ ఎండకు పెళుసెక్కుతుంది. ముడి డబుల్ ఫిషర్‌మన్ (రెండు తాడు కొసలను కలిపే గట్టి ముడి) వేసి, కొసలు కనీసం 4 సెం.మీ. వదలాలి.

అసలు తప్పు బిగింపులో ఉంది. పట్టీ మొత్తం ఒకే స్క్రూ మీద ఆధారపడింది. అదీ లోపల నట్టు, వాషరు లేకుండా నేరుగా ప్లాస్టిక్‌లోకి దిగిన స్క్రూ. పట్టీకి వేసిన రంధ్రం అంచు మీద గోరు పెట్టి చూడండి, గీసుకుంటుంది. ఆ అంచు దగ్గరే నైలాన్ పోగులు అప్పుడే నూగులా లేచాయి. తాడు పడవ కొసలో ఈ వైపు నుంచి ఆ వైపుకు, సీలు చేసిన గొట్టం గుండా వెళ్లాలి. గొట్టం లేకుండా ఉత్త రంధ్రం వేస్తే నీళ్లు లోపలి అరలోకి దిగుతాయి. గొట్టం రెండు మూతుల అంచులూ నున్నగా గుండ్రం చేయాలి.

ఈ పని ఇంట్లో డ్రిల్లుతో చేసేది కాదు గనుక పడవను మీరే తీసుకెళ్లి, రెండు కొసల్లోనూ గొట్టాలు వేసి, టాగిళ్లు కట్టి 15 రోజుల్లో తిరిగి ఇవ్వాలి. వీలుకాదంటే పూర్తి డబ్బు వాపసు చేయండి. ఇదే పట్టీతో అమ్మిన మిగతా పడవల కొనుగోలుదారులకు కూడా ఈ విషయం రాతపూర్వకంగా తెలియజేసి, ఆ ప్రతి ఒకటి మాకు పంపండి.

ఇట్లు,
కయాక్ కొనుగోలుదారులు

జతపరచినవి: రెండు పట్టీల ఫొటోలు, స్క్రూ రంధ్రం దగ్గరి ఫొటో, బిల్లు నకలు