చమురు కంపెనీకి చూపించే రిపోర్టు మా పిల్లలకెందుకు చూపించరు? – కేంద్ర నౌకాయాన శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

మాది నల్లగొండ జిల్లా, దేవరకొండ దగ్గర ఒక పల్లె. మా అక్క కొడుకు ఆయిల్ ట్యాంకర్ మీద పనిచేస్తున్నాడు. వినతిపత్రాలు ఇచ్చి ఇచ్చి విసిగిపోయి ఇట్లా అందరి ముందూ రాయాల్సి వస్తోంది. ప్రజావాణిలో ఇస్తే ఇది కేంద్రం చూసుకునే సంగతి అన్నారు. ఆన్‌లైన్‌లో పెడితే ముందు 'పరిశీలనలో ఉంది' అని, కొన్నాళ్లకు 'పరిష్కరించబడింది' అని మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారో ఇప్పటిదాకా చెప్పినవాళ్లు లేరు సార్.

నావికుడికిచ్చే సీడీసీ పుస్తకం, ఓడ ఉద్యోగాలిప్పించే ఏజెంట్లకిచ్చే ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్సు గురించి మీకు నేను చెప్పాల్సిన పని లేదు. ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర ఏజెంట్ రూపాయి కూడా తీసుకోకూడదని రూల్ ఉంది. మా దగ్గర లక్షలు తీసుకున్నారు, రశీదు అడిగితే నవ్వారు. ఆ బాధ వేరే, దాన్ని పక్కన పెడుతున్నా. నేను అడిగేది వాడు ఎక్కిన ఓడ గురించి.

పెద్ద చమురు కంపెనీ ఏదైనా ఒక ట్యాంకర్‌లో సరుకు నింపే ముందు సైర్ (చమురు కంపెనీలన్నీ కలిసి ట్యాంకర్లకు పెట్టుకున్న తనిఖీ పద్ధతి) రిపోర్టు తెప్పించుకుని చదువుతుంది. 1993 నుంచి ఉన్న పద్ధతే, 2024 సెప్టెంబర్ నుంచి కొత్త రూపంలో నడుస్తోంది. పంపు రూం ఎట్లుంది, పైపులు ఎట్లున్నాయి, సిబ్బందికి పని వచ్చా రాదా, అన్నీ చూసుకుని నచ్చకపోతే ఆ ఓడ జోలికే పోదు. రేవుల్లో పోర్ట్ స్టేట్ కంట్రోల్ వాళ్లు, అంటే వచ్చిన విదేశీ ఓడలను తనిఖీ చేసే ఆ దేశపు అధికారులు, వేరే ఉన్నారు. యూరప్‌లో ఓడల తనిఖీ కోసం చేసుకున్న పారిస్ ఎంఓయూ ఒప్పందం ప్రకారం ఓడ రకం, వయసు, జెండా (ఏ దేశంలో రిజిస్టర్ అయిందో), నడిపే కంపెనీ, ఇదివరకు దొరికిన లోపాలు అన్నీ కలిపి రిస్క్ లెక్కగడతారు. రిస్క్ ఎక్కువున్న ఓడను 5–6 నెలలకోసారి, తక్కువున్నదాన్ని 24–36 నెలలకోసారి చూస్తారు. అంటే ఆ ఓడ ఎట్లాంటిదో సరుకు కొనేవాడికి తెలుసు, రేవు అధికారికి తెలుసు. రాత్రి పగలు అందులోనే ఉండే పిల్లవాడికి మాత్రం ఎక్కేదాకా తెలియదు. ఇదేం న్యాయం సార్?

మా వాడికి ఇచ్చిన కాగితం మీద ఓడ పేరు ఒక్కటే ఉంది. ఆ పేరుతో వెతికితే నాలుగైదు ఓడలు వచ్చాయి. ఓడకు పేరు మార్చొచ్చు, జెండా మార్చొచ్చు, ప్రతి ఓడకూ అంతర్జాతీయంగా ఇచ్చే ఏడంకెల ఐఎంఓ నంబరు మాత్రం మారదు. ఆ నంబరే కాగితం మీద లేదు. వాడు ఎక్కిన తర్వాత ఫోటో తీసి పంపితే, మా అమ్మాయి ఓడల వివరాలు ఉండే ఎక్వాసిస్ వెబ్‌సైట్‌లో ఆ నంబరు పెట్టి చూసింది. పాత పేర్లు, పాత జెండాలు, తనిఖీలో లోపాలు దొరికి రేవులో ఆపేసిన సంగతి, అన్నీ అక్కడే ఉన్నాయి. ఉచితంగా దొరికే సమాచారం! మాకు ముందు తెలిసుంటే పంపేవాళ్లమా? అక్కకు ఈ సంగతి ఇంకా చెప్పలేదు.

ట్యాంకుల్లో మంట అంటుకోకుండా ఇనర్ట్ గ్యాస్ (మంటకు సాయపడని వాయువు) నింపి ఆక్సిజన్‌ను 8 శాతం లోపు ఉంచుతారు. మనం పీల్చే గాలిలో ఉండేది దాదాపు 21 శాతం. కడగడానికి మనిషి దిగాలంటే ముందు మంచి గాలి పంపాలి, మీటర్‌తో కొలవాలి, లోపలికి దిగడానికిచ్చే పర్మిట్ మీద రాయాలి. మా వాడు ఫోన్‌లో ఏమన్నాడో వినండి: "మామా, మీటర్ సరిగ్గ పనిచేస్తలేదు. పర్మిట్ మీద 20.9 అని ముందే రాసి పెడ్తున్నరు." విశ్రాంతి గంటల షీటు కూడా అంతేనట, రోజుకు పది గంటలు పడుకున్నట్టు రాసి సంతకం పెట్టిస్తారు. ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడంటే తుప్పు మీద పెయింట్ కొట్టిస్తారు, అడిగితే అంతా బాగుందని చెప్పమంటారు. ఇక ఆయన ఎన్ని కాగితాలు చూస్తే మాత్రం ఏం దొరుకుతుంది?

ఊరికే భయపడుతున్నామని అనుకోవద్దు. 2023 మేలో మలేసియా దగ్గర పేలిన పాబ్లో ట్యాంకర్ 1997లో కట్టింది, గాబన్ జెండా. 2024 జూలైలో ఒమన్ దగ్గర బోల్తా పడ్డ ప్రెస్టీజ్ ఫాల్కన్‌ది కొమొరోస్ జెండా, అందులో ఉన్న 16 మందిలో 13 మంది మన దేశం వాళ్లే. 1999లో ఎరికా అనే ట్యాంకర్ విరిగి ఫ్రాన్స్ తీరం చమురు పాలైతే యూరప్ తన రూల్సే మార్చుకుంది. మంచిదే, మార్చాల్సిందే. మన పిల్లలు పోయినప్పుడు మనం ఏం మార్చుకున్నాం?

విదేశీ రేవులో ఇన్‌స్పెక్టర్‌కు నావికుడు పేరు బయటపడకుండా ఫిర్యాదు చేసుకోవచ్చని నావికుల హక్కుల అంతర్జాతీయ ఒప్పందం ఎంఎల్‌సీలో ఉంది, మన దేశం 2015లోనే ఒప్పుకుంది కూడా. కానీ నోరు తెరిస్తే ఇంటికి పంపిస్తారని, మళ్లీ ఏ ఏజెంటూ పిలవడని వాళ్లకు భయం. ఇంటి మీద అప్పు ఉన్నవాడు ఎట్లా నోరు తెరుస్తాడు సార్? వాళ్ల వెనక మీరు ఉన్నారని వాళ్లకు తెలియాలి కదా.

సంతకం పెట్టించుకునే ముందే ఓడ ఐఎంఓ నంబరు, జెండా, వయసు, గత మూడేళ్ల రేవు తనిఖీల్లో ఏం దొరికింది, ఎన్నిసార్లు ఆపేశారు అన్నది ఒక్క కాగితం మీద తెలుగులో రాసి ఇవ్వాలని ఏజెంట్లకు ఆర్డర్ వెయ్యండి. ఇవ్వనివాడి లైసెన్స్ రద్దు చెయ్యండి. దీనికి కొత్త పథకాలు, బడ్జెట్లు అక్కర్లేదు, సమాచారం ఉండనే ఉంది.

మా వాడి కాంట్రాక్ట్ ఇంకా నెలలు మిగిలి ఉంది. వాడి ఓడ నంబరు మా వినతిపత్రంలోనే ఉంది. అది ఈసారి ఏ రేవుకు చేరుతుందో కనుక్కుని, అక్కడి అధికారులకు ఒక్క మెయిల్ పెట్టించండి. ముందు ఆ గ్యాస్ మీటర్ చూడమని చెప్పండి సార్. దండం పెట్టి అడుగుతున్నా.

ఇట్లు,
ఒక ట్యాంకర్ నావికుడి మేనమామ,
దేవరకొండ ప్రాంతం, నల్లగొండ జిల్లా