సీసాడు నీళ్ళతో వాగు సంగతి తేలదు: పర్యావరణ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర పర్యావరణ, అటవీ శాఖల మంత్రి గారికి,

విషయం: తిరుపతి, చిత్తూరు జిల్లాల వాగుల్లో అడుగున బతికే పురుగులు, నత్తల నమూనా సేకరణ

నమస్కారం.

వాగు శుభ్రంగా ఉందా లేదా అని తేల్చడానికి సీసాడు నీళ్ళు పట్టి ల్యాబుకు పంపడం మామూలు. ఆ సీసా చెప్పేది పట్టిన నిమిషం సంగతి మాత్రమే. అర్ధరాత్రి ఎవరో మురుగు వదిలితే, పొద్దున పదింటికి ముంచిన సీసాకు అది తెలియదు. రాళ్ళ కింద వారాల తరబడి బతికే పురుగులకు తెలుస్తుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దగ్గర ఇందుకో పద్ధతి ఉంది. దొరికిన జీవుల కుటుంబాలకు (దగ్గరి చుట్టరికం ఉన్న జాతుల గుంపులకు) మార్కులు వేసి, వైవిధ్యం లెక్కగట్టి, నీటిని శుభ్రమైన ‘ఎ’ నుంచి బాగా మురికైన ‘ఇ’ దాకా ఐదు తరగతులుగా విడదీస్తుంది. మన జిల్లాల్లో దీన్ని క్రమం తప్పకుండా చేయించమని మా విన్నపం. అయితే ఎలా పడితే అలా తీసిన నమూనా కంటే అసలు తీయకపోవడమే నయం. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాం.

తలకోన వైపు కొండ వాగుల్లో నీళ్ళు రాళ్ళ మీద పరుగెత్తే చోట సర్బర్ వల వాడాలి. 30 సెంటీమీటర్ల చదరపు చట్రం, దాని వెనక సంచి. వల నోరు ప్రవాహానికి ఎదురుగా పెట్టి, చట్రాన్ని అడుగుకు అదిమి, అందులోని ప్రతి రాయినీ నోటి ముందే చేత్తో తోమాలి. మేఫ్లై, క్యాడిస్‌ఫ్లై అనేవి చిన్నప్పుడు నీళ్ళలో పెరిగే రెక్కల పురుగులు. రాయి తిప్పగానే పక్కకు జారే బల్లపరుపు మేఫ్లై పిల్ల, ఇసుక రేణువులతో గూడు కట్టుకుని అంటుకున్న క్యాడిస్‌ఫ్లై పిల్ల ఊరికే నీళ్ళు కదిపితే ఊడిరావు. తర్వాత గులకను 5 నుంచి 10 సెంటీమీటర్ల లోతు కెలకాలి. నీళ్ళు 30 సెంటీమీటర్లు దాటితే పురుగులు చట్రం మీదుగా కొట్టుకుపోతాయి. నడక ఎప్పుడూ దిగువ నుంచి ఎగువకే. ఆక్సిజన్, ఉష్ణోగ్రత, వాహకత (కరిగిన లవణాలను బట్టి నీళ్ళు విద్యుత్తును మోసే తీరు) కొలతలు వాగులో కాలు పెట్టకముందే అయిపోవాలి. ఒక్కో వాగులో కనీసం ఐదు చట్రాలు తీసి ఐదు సీసాల్లో విడిగా ఉంచాలి. కలిపేస్తే ఒకే వాగులో చోటుకీ చోటుకీ ఉన్న తేడా కనబడదు. అది తెలియకుండా రెండు వాగులను పోల్చడం కుదరదు.

వల కన్ను దగ్గరే ఎక్కువ తప్పులు జరుగుతాయి. చల్లటి దేశాల పుస్తకాలు చూసి 500 మైక్రాన్ల (అర మిల్లీమీటరు) కన్నున్న వల కొంటారు. మన వెచ్చటి నీళ్ళలో చాలా మేఫ్లైలు కొన్ని వారాల్లోనే ఒక తరం ముగిస్తాయి. ఏ నెలలో చూసినా పసి పిల్లలు ఉంటాయి, 500లోంచి జారిపోతాయి. 250 వాడాలి. సన్న కన్ను ఆకు తుక్కుతో తొందరగా పూడుకుని నీళ్ళు వెనక్కి తన్నుతాయి కాబట్టి సంచి పొడవుగా కుట్టించి, చట్రం చట్రానికీ కడగాలి.

సీసాలో తుక్కు సగానికి మించకూడదు. 95 శాతం ఆల్కహాల్ పోసినా తడి ఆకులు దాన్ని పలచన చేస్తాయి. మర్నాడు మార్చకపోతే మెత్తటి పురుగులు కుళ్ళి, మొప్పలు రాలి, కుటుంబం గుర్తుపట్టడానికి వీలుండదు. లేబుల్ పెన్సిల్‌తో రాసి సీసా లోపలే వేయాలి. పెన్ను సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. ల్యాబులో గళ్ళ ట్రేలో పరిచి, చీటీ తీసినట్టు గళ్ళు ఎంచుకుని, ఆ గడిలోని ప్రతి జీవినీ ఏరాలి. కళ్ళకు కనబడ్డ పెద్ద తూనీగ పిల్లల్నే ఏరుకుంటే అది లెక్క కాదు.

కాలం సంగతి. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. వరద వాగు అడుగును ఊడ్చేస్తుంది. వెంటనే వెళితే ఖాళీ ట్రే చూసి కాలుష్యమనుకుంటాం. ఏప్రిల్‌కు చాలా వాగులు మడుగులవుతాయి, అప్పుడు మడుగు పురుగులే మిగులుతాయి. ప్రవాహం నిలకడగా ఉండే జనవరి, ఫిబ్రవరి నెలలే సరైనవి, ఏటా అవే.

స్వర్ణముఖిది వేరే లెక్క. అడుగంతా ఇసుక, సర్బర్ పనికిరాదు. గట్టు గడ్డిలో చేతి వలతో ఈడవాలి, ఇసుకకు గొట్టం గుచ్చి తీయాలి. కొండ వాగు మార్కులతో స్వర్ణముఖి మార్కులను పోల్చి నది చచ్చిపోయిందని రాయడం అన్యాయం. ఇసుక నదిని ఇసుక నదితోనే, మురుగు కలిసే చోటికి ఎగువను దిగువతోనే పోల్చాలి. అక్కడ ఆక్సిజన్ తగ్గినా తట్టుకునే ఎర్రటి కైరోనమిడ్ పురుగులే ట్రే నిండా ఉంటే మాత్రం అనుమానం అక్కర్లేదు.

మార్కుల పట్టికకు మూలం బ్రిటన్. అందులో శుభ్రమైన నీళ్ళు కోరే స్టోన్‌ఫ్లై కుటుంబం పెర్లిడేకు 10, మురుగును తట్టుకునే కైరోనమిడ్లకు 2. దక్షిణాదిలో స్టోన్‌ఫ్లైలు అసలే తక్కువ రకాలు. అవి లేనంత మాత్రాన శుభ్రమైన కోన మార్కులు కోల్పోకూడదు. ముందు శేషాచలంలో జనసంచారం లేని వాగులను కొలబద్దగా ఎంచాలి.

అవి శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానంలో ఉన్నాయి కాబట్టి అటవీ శాఖ అనుమతి కావాలి. ఆల్కహాల్‌కు ఎక్సైజ్ అనుమతి కావాలి. ఇది దొరక్కే కళాశాలలు ఫార్మలిన్ వాడతాయి. అది విద్యార్థుల కళ్ళకు, ఊపిరికి హాని, పైగా డీఎన్‌ఏ పరీక్షకు నమూనా పనికిరాకుండా పోతుంది. రాబోయే జనవరి సేకరణకు అందేలా ఈ రెండు అనుమతులూ డిసెంబరులోగా, ఒకే దరఖాస్తుపై ఇప్పించగలరు. గుర్తించిన నమూనాలను శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ జంతుశాస్త్ర విభాగంలో భద్రపరిచే ఏర్పాటు కూడా అదే ఉత్తర్వులో చేర్చగలరు.

ఇట్లు,
తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో నీటి జీవులపై పనిచేస్తున్న అధ్యాపకులు, పరిశోధక విద్యార్థులు