అమ్మ పళ్ళ విషయంలో తోడున్న అందరికీ థాంక్యూ

నిన్న అమ్మకి క్యాపులు బిగించేశారండీ, కింద దవడ కుడివైపు రెండు ఇంప్లాంట్లూ (దవడ ఎముకలో స్క్రూ దింపి, దాని మీద క్యాపు బిగించే పెట్టుడు పళ్ళు) పూర్తయ్యాయి, అందుకే సాయం చేసినవాళ్ళందరికీ థాంక్స్ చెబుదామని రాస్తున్నా.

ముందుగా డెంటల్ కాలేజీలో పీజీ చేస్తున్న డాక్టరమ్మకి. అంతకుముందు వెళ్ళిన క్లినిక్‌లో షుగర్ ఉందా అని కూడా అడక్కుండా డేట్ ఇచ్చేశారు. ఈవిడ మాత్రం అమ్మ హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే టెస్టు) 9 దాటిందని చూడగానే ఆపేసి, షుగర్ ఇలా ఉంటే పుండు త్వరగా మానదు, ఎముక స్క్రూని సరిగ్గా పట్టుకోదు, ముందు అది తగ్గించుకుని రండమ్మా అంది. అప్పుడు నాకు కోపమొచ్చింది గానీ ఇప్పుడు ఆవిడకి దండం పెట్టాలనిపిస్తోంది. తర్వాత స్కాన్ కంప్యూటర్లో పెట్టి, దవడ లోపల నరం ఎటు పోతుందో వేలితో గీసి చూపించి, స్క్రూకీ దానికీ మధ్య కనీసం 2 మిల్లీమీటర్లన్నా వదలాలి, నరానికి తగిలితే పెదవి తిమ్మిరెక్కి ఉండిపోవచ్చు అని అమ్మకి అర్థమయ్యేలా చెప్పింది, అంత ఓపిక నేనెక్కడా చూడలేదు.

ఇనుప ముక్క నోట్లో ఎన్నాళ్ళుంటుందే అని అమ్మ భయం. ఇనుము కాదమ్మా టైటానియం, దాన్ని ఎముకే అతుక్కుని పట్టుకుంటుంది, స్వీడన్‌లో బ్రానెమార్క్ అనే డాక్టరు 1965లో మొదటిసారి ఇలాంటివి పెట్టిన పేషెంటుకి, ఆ పేషెంటు 2006లో పోయేదాకా అవి పనిచేశాయి అని చెప్పాక గానీ అమ్మ కుర్చీలో కూర్చోలేదు.

ఇక పక్కింటి ఆంటీ గురించి చెప్పకపోతే తప్పు. రోజూ సాయంత్రం వచ్చి వదినా లే నడుద్దాం అని అమ్మని లాక్కెళ్ళేది, షుగర్ దిగిందంటే మా ఫిజీషియన్ మందులతో పాటు ఆవిడ పుణ్యం కూడా. ఎముక అతుక్కునేదాకా నెలలపాటు ఆగాల్సొచ్చినప్పుడు మెత్తగా ఉప్మా, పప్పన్నం పంపిన పిన్నికి, డబ్బు సర్దిన అన్నయ్యకి కూడా. మా ఇంట్లో ఇంత మొత్తం ఒక్కసారిగా తీయడం మామూలు విషయం కాదు.

క్యాపు బిగించేటప్పుడు రెంచ్ టిక్‌మనగానే అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టేసుకుంది, నొప్పా అంటే కాదంట, శబ్దానికంట. ఇప్పుడు సన్న బ్రష్‌తో పళ్ళ సందులు ఎలా శుభ్రం చెయ్యాలో నాకే నేర్పిస్తోంది. మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళెవరైనా భయపడుతుంటే చెప్పండి, అమ్మతో ఫోన్లో మాట్లాడిస్తాను, తనే అడగమంది.