గోడలు బాగానే ఉన్నాయి, మనుషులే పచ్చగా కనిపిస్తున్నారు

సంపాదకులకు నమస్కారం.

ముదురు పసుపు రంగు వేస్తే ఇల్లు వెలిగిపోతుందని మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. పోయిన దసరాకి మా హాలు నాలుగు గోడలకీ అదే రంగు వేయించుకున్నదాన్ని కాబట్టి, అందులో రాయని సంగతులు కొన్ని చెప్పకపోతే నాకు నిద్రపట్టదు.

షేడ్ కార్డులో నేను వేలు పెట్టి చూపించిన ముక్క పోస్టల్ స్టాంపంత ఉంటుంది, అందులో చూస్తే చామంతి రేకులా ముద్దుగానే ఉంది. పెయింటర్ "పసుపంటే మూడు కోట్లు పడతాయమ్మా" అన్నాడు. మూడు కోట్లుంటే ఇంకో ఇల్లే కొనుక్కునేవాళ్లం కదయ్యా అని మావారు నవ్వారు గానీ, అతను చెప్పిందే నిజమైంది. పసుపు కిందున్నదాన్ని సరిగ్గా కప్పదు, రెండు కోట్లయ్యాక కూడా లప్పం పెట్టిన చోటల్లా తెల్ల మచ్చలు తేలుతూనే ఉన్నాయి.

అసలు కథ మూడో కోటు ఆరాక మొదలైంది. మా హాలు కిటికీ పడమరకి ఉంటుంది. సాయంత్రం ఎండ లోపలికి రాగానే ఈ గోడ రంగు ఆ గోడ మీదా, ఆ గోడది దీని మీదా పడి, కార్డులో చూసినదానికి రెట్టింపు ముదిరిపోయి, తెల్లటి సీలింగ్ కూడా నిమ్మపండులా తయారైంది. వీడియో కాల్‌లో మా అత్తగారిని చూసి మా అమ్మాయి "నానమ్మ కళ్లేంటి పచ్చగా ఉన్నాయి, రక్తపరీక్ష చేయించారా" అని ఒకటే టెన్షన్. కామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు, మా ఇంట్లో లోకానికి మేమే పచ్చగా కనిపించాం. పై ఫ్లాటాయన "మీది ఏ పార్టీ" అని అడగడం సరేసరి. పంచాయతీ ఆఫీసులకి వేసిన పార్టీ రంగుల గొడవ 2020లో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన రాష్ట్రం మనది, ఆయన్నేం అంటాం!

చీకటి గదికి వెలుగొస్తుందని కూడా రాశారు. రంగు వెలుతురుని తిప్పికొడుతుంది గానీ పుట్టించదు కదండీ, కిటికీ లేని మా నడవలో అదే డబ్బాలోని రంగు నూరిన ఆవపిండిలా ఉంది. చిన్న డబ్బా కొని, రెండు చార్టు పేపర్లకి వేసి గోడకి అంటించి, పొద్దున, సాయంత్రం, రాత్రి లైట్ల కింద చూసి తేల్చుకోమని ఒక్క ముక్క రాసుంటే బాగుండేది.

ఇంకొకటి, ఇది నవ్వులాట కాదు. పాత రంగు ఎమరీ పేపరుతో గీకేసి కొత్తది వేసుకోమన్నారు. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం (అంటే పది లక్షల భాగాల్లో తొంభై) దాటకూడదన్న రూలు అమల్లోకి వచ్చింది 2017 నవంబరు 1న. అంతకుముందు తలుపులకీ కిటికీలకీ కొట్టిన పసుపు ఎనామిల్‌లో లెడ్ క్రోమేట్ అనే సీసం కలిసిన పసుపు పొడి ఉండే అవకాశం ఎక్కువ, పొడిగా గీకితే ఆ దుమ్ము పాకే పిల్లల చేతుల్లోంచి నోట్లోకి పోతుంది. గీకక తప్పకపోతే తడిపి గీకించండి, పని అయ్యి తడిగుడ్డతో తుడిచేదాకా పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకండి. దీన్ని దయచేసి వచ్చే ఆదివారం వేయండి.

ప్రస్తుతం కిటికీకి ఎదురు గోడ ఒక్కటీ పసుపు ఉంచి, మిగతా మూడింటికీ వెన్న రంగు వేయించాం, అత్తగారి కళ్లు బాగయ్యాయి. సగం పైగా మిగిలిన పసుపు డబ్బా అటక మీదుంది, వ్యాసం రాసినవారికి కావాలంటే వచ్చి పట్టుకెళ్లమనండి.

- ఒక పాఠకురాలు, గుంటూరు