పరీక్షించకుండానే విడిభాగం మార్చమంటే ఎలా?

సంపాదకులకు నమస్కారం.

కంప్యూటర్‌లో వీడియో గేమ్ మధ్యలో ఆగిపోతోందని మరమ్మతు దుకాణానికి వెళ్తే, పరీక్ష ఏదీ చేయకుండా వేల రూపాయల విడిభాగం మార్చమని చెప్పడం గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా అబ్బాయి ఇంజినీరింగ్ రెండో ఏడాది చదువుతున్నాడు. చదువుకూ ఆటకూ ఇంట్లో ఉన్నది ఒకటే కంప్యూటర్. మొన్న వేసవి నుంచి ఏ గేమ్ మొదలుపెట్టినా ఇరవై నిమిషాలకల్లా తెర నల్లబడి, గ్రాఫిక్స్ డ్రైవర్ (తెర మీద బొమ్మలు చూపే గ్రాఫిక్స్ కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్) ఆగిపోయిందన్న సందేశం కనిపించేది. మా ఇంటికి దగ్గరలోని ఒక దుకాణంవారు కనీసం క్యాబినెట్ మూత అయినా తీయకుండా, ఆ సందేశం చదివి, గ్రాఫిక్స్ కార్డు పోయిందనీ కొత్తదానికి 32 వేలవుతుందనీ తేల్చేశారు. మూడు నెలలపాటు దాచుకుంటే గాని సమకూరని సొమ్ము అది.

ఆ వారం మా మేనల్లుడు ఇంటికి రాకపోతే ఆ డబ్బు కట్టేసేవాణ్ణే. అతడు గేమ్ ఫైళ్లు చెడిపోలేదని, గేమ్‌లు కొని ఆడే స్టీమ్ అనే సాఫ్ట్‌వేర్‌లో సరిచూశాడు, పాత డ్రైవర్ పూర్తిగా తీసేసి కొత్తది వేశాడు, ఫ్యాన్ల దుమ్ము దులిపి ఉష్ణోగ్రతలు గమనించాడు. "ఒకసారికి ఒక్కటే మార్చాలి మామయ్యా, రెండూ కలిపి మారిస్తే దేనివల్ల బాగయిందో తెలియదు" అంటూ ప్రతి మార్పునూ నోటుపుస్తకంలో రాసుకున్నాడు. వీటిలో దేనితోనూ ఫలితం లేకపోయేసరికి, కంప్యూటర్ మెమరీ అయిన ర్యామ్‌ను పరీక్షించే, ఉచితంగా దొరికే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రామ్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి రాత్రంతా నడిపితే, తెల్లవారేసరికి తెరనిండా తప్పుల వరుసలున్నాయి. రెండు ర్యామ్‌లనూ విడివిడిగా పెట్టి చూస్తే లోపం ఒకదానిలోనే ఉందని తేలింది. బిల్లు భద్రంగా ఉండటంతో వారంటీ కింద దాన్ని మార్చి ఇచ్చారు. దుకాణంవారి మాట విని ఉంటే, బాగున్న కార్డును తీసేసి కొత్తది బిగించాక కూడా గేమ్ అలాగే ఆగిపోయేది.

తెర మీద ఏ భాగం పేరు కనిపిస్తే ఆ భాగమే చెడిపోయిందని అనుకోకూడదని ఈ వృత్తిలో ఉన్నవారికి తెలియనిది కాదు. ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లున్న ఎన్నో కంప్యూటర్లలో వీడియో మెమరీ చాలడం లేదన్న సందేశంతో గేమ్‌లు మూతపడేవి. గ్రాఫిక్స్ కార్డుల్లో ఏ లోపమూ లేదు. ప్రాసెసర్‌కు అవసరానికి మించిన వోల్టేజీ అందుతోందని 2024 జులైలో ఆ సంస్థే ప్రకటించి, బయోస్ (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు పనిచేసే మూల సాఫ్ట్‌వేర్) ద్వారా సవరణ ఇచ్చింది, వారంటీని మరో రెండేళ్లు పొడిగించింది. అప్పటికే దెబ్బతిన్న ప్రాసెసర్లను ఆ సవరణ బాగుచేయలేదు కనుక, అసలు కారణం తెలిసినవారికే ఆ వారంటీ అక్కరకొచ్చింది.

ఉత్తరాలు టైపు చేసేటప్పుడు బయటపడని లోపం గేమ్ ఆడేటప్పుడు బయటపడుతుంది; ఎందుకంటే ప్రాసెసర్, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు, విద్యుత్తు అందించే పవర్ సప్లై అన్నిటిమీదా ఒకేసారి భారం పడుతుంది. అందువల్ల ఊహతో చెప్పే నిర్ధారణ తప్పే అవకాశం ఎక్కువ.

పరీక్షకు విడిగా రుసుము అడిగితే ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు; నాలాంటి వారెవరూ కాదనరు. కానీ ఏయే పరీక్షలు చేశారో, ఏం తేలిందో కాగితం మీద రాసివ్వాలి, తీసిన పాత భాగాన్ని వినియోగదారుకు అప్పగించాలి. సేవలో లోపంపై ఫిర్యాదు చేసే హక్కు 2019 వినియోగదారుల రక్షణ చట్టం మనకిచ్చింది, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. అయితే దుకాణం చేతికిచ్చిన కాగితం ఏదీ లేనప్పుడు ఫిర్యాదుదారు ఏం చూపించాలి? రాష్ట్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ నగరంలోని కంప్యూటర్ మరమ్మతు దుకాణాలన్నిటికీ ఈ రాతపూర్వక నివేదికను తప్పనిసరి చేయాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక విద్యార్థి తండ్రి, నాగోలు, హైదరాబాద్