ఆవకాయ కొలతల మీద 'గృహిణుల కోసం' అని ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రిక కుటుంబం పేజీలో ఆవకాయ కొలతలు వేశారు. ముక్కలు నాలుగు గిన్నెలైతే కారం ఒక గిన్నె, ఆవపిండి ఒక గిన్నె, ఉప్పు ముప్పావు గిన్నె. మా అత్తయ్యగారు అద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివి, 'తెలిసినవాళ్లే రాశారు' అన్నారు. నా బాధ కొలతల గురించి కాదు. పైన పెద్ద అక్షరాలతో 'గృహిణుల కోసం' అని పెట్టారు చూడండి, ఆ మాట గురించే ఈ ఉత్తరం.

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో పదకొండేళ్లుగా లెక్కలు రాస్తున్నాను. ఫిబ్రవరి నుంచి మే మొదటి వారాల దాకా మాకు ఊపిరాడదు. సీజన్ ముమ్మరంగా ఉన్నప్పుడు ఒక్కరోజులో లక్ష టిక్కీలకు (మిరపకాయల బస్తాలకు) పైగా సరుకు దిగుతుంది. శని, ఆదివారాలు యార్డుకు సెలవు కాబట్టి సోమవారం తాకిడి ఇంకా ఎక్కువ. పల్నాడు నుంచి, ప్రకాశం నుంచి, కర్నూలు నుంచి రాత్రంతా లారీలో కాయతో పాటు వచ్చిన రైతు, కాటాలో తూకం అయ్యి, అమ్మకపు చీటీ అయిన తక్‌పట్టీ చేతిలో పడేదాకా కొట్టు ముందే కూర్చుంటాడు. ఆయనతో 'ఇంట్లో పనుంది, రేపు రాస్తాను' అనలేం కదా.

సరిగ్గా ఈ నెలల్లోనే ఇంటి పనులు కూడా ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి. మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు. ఏడో తరగతి చదివే మా అమ్మాయి మధ్యాహ్నానికల్లా ఇంట్లో ఉంటుంది. కొత్త చింతపండు వచ్చినప్పుడే ఏడాదికి సరిపడా కొని, గింజ, ఈనె తీసి దాచుకోవాలి. కందిపప్పు ఎండబెట్టాలి. వడియాలు, చల్ల మిరపకాయలు సరేసరి. యార్డులో పనిచేస్తూ కారం ప్యాకెట్టు కొనడానికి నాకు మనసొప్పదు, అందుకని కాయలు తెచ్చుకుని తొడిమలు తీసి మిల్లులో పట్టిస్తాను. తొడిమలు తీసిన రాత్రి కొబ్బరినూనె రాసుకున్నా చేతులు మండుతూనే ఉంటాయి. మా యార్డు చుట్టుపక్కల గోడౌన్లలో ఇదే పని కూలికి చేసే ఆడవాళ్లున్నారు. 'పగలంతా షావుకారు కాయ తొడిమలు తీసి, ఇంటికెళ్లాక మా కాయ తీసుకుంటామమ్మా' అని వాళ్లలో ఒకామె నాతో అంది. ఆమె ముందు నా మంట గురించి మాట్లాడటానికి నాకు నోరు రాలేదు.

వీటన్నిటిలో ఆవకాయ ఒక్కటే అసలు వాయిదా వేయలేం. మే నెలలో యార్డుకు వేసవి సెలవులు ఇస్తారుగా, అప్పుడు పెట్టుకోవచ్చుగా అని మా ఆడపడుచు అడుగుతుంది. మేం ఆగినా మామిడికాయ ఆగదు. టెంక ముదరాలి, కండ మాత్రం తెల్లగా, పుల్లగా ఉండాలి, లోపల పసుపు తిరగకూడదు. మధ్యలో ఒక గాలివాన వచ్చిందంటే రాలిన కాయ పచ్చడికి పనికిరాదు. దెబ్బ తగిలిన చోట ముక్క మెత్తబడిపోతుంది. కాబట్టి ఉన్న రెండు మూడు ఆదివారాల్లోనే అయిపోవాలి.

పోయినేడు అలాంటి ఒక ఆదివారం ముప్పై కాయలు కొట్టించుకొచ్చాం. మా ఇంటికి, హైదరాబాదులో ఆడపడుచుకి, బెంగళూరులో మరిదిగారికి. చాప మీద పాత పంచె పరిచి అందరం కూర్చున్నాం. జీడి తీసి, టెంకకు అంటుకున్న పల్చటి పొరను గోటితో లాగి, ఒక్కొక్క ముక్కను పొడిగుడ్డతో తుడవాలి. సగం ముక్కలు తుడిచానో లేదో, సెలవు రోజైనా కొట్టు నుంచి ఫోన్. లెక్కలో మూడు టిక్కీల తేడా వచ్చింది, ఉన్నపళంగా రమ్మన్నారు. మావారికీ మా అబ్బాయికీ అప్పజెప్పి పదకొండింటికి వెళ్లినదాన్ని మూడింటికి వచ్చాను. అప్పటికి ఆవకాయ కలిపేసి, జాడీలో పెట్టి, మూతికి గుడ్డతో వాసెన కూడా కట్టేశారు. నాకెంత సంతోషమైందో చెప్పలేను. అత్తయ్యగారికి అప్పుడే కంటి ఆపరేషన్ అయ్యి లోపలి గదిలో ఉన్నారు, లేకపోతే ఆవిడే దగ్గరుండి చూసుకునేవారు.

పదమూడో రోజు వాసెన విప్పితే పైనంతా తెల్లటి బూజు. గరిటెతో లోపలికి తీసి చూశాం, అడుగు దాకా అదే వాసన. ముప్పై కాయలు, అంత నూనె, ఇంట్లో పట్టించిన కారం, అన్నీ పారబోశాం. మావాడు ఆ పొద్దున జాడీ కడిగి వంటింట్లో బోర్లించాడట. ఎండలో పెట్టలేదు.

'ఎండలో పెట్టాలని నువ్వు చెప్పలేదుగా అమ్మా' అన్నాడు. మావారూ అదే మాట అన్నారు.

వాళ్ల మాటలో అబద్ధం లేదు. నేను చెప్పలేదు. నాలుగు గంటల పాటు ఒళ్లు వంచి పనిచేసిన వాళ్లను నేను ఏమీ అనలేదు కూడా. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మరి నాకు ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. పదేళ్లప్పుడు మా అమ్మ ఆవకాయ పెడుతుంటే నన్ను ముక్కలు తుడవడానికి కూర్చోబెట్టింది, మా అన్నయ్యను ఆడుకోమని బయటికి పంపింది. అలా చూస్తూ చూస్తూ నాకు తెలిసిపోయింది. అన్నయ్యకు తెలియలేదు.

ఆ తర్వాత నుంచి నేను రోజుకు ఎన్నిసార్లు 'చెబుతున్నానో' గమనించడం మొదలుపెట్టాను. పొద్దున అయిదున్నరకు కుళాయి వస్తుంది, మోటారు వేయి. గ్యాసు బుక్ చేయండి. అమ్మాయికి పెరుగన్నం కలిపి పెట్టు. మిల్లు మంగళవారం మూసేస్తారు, ఇవాళే వెళ్లండి. చెబితే కాదనే వాళ్లు మా ఇంట్లో ఎవరూ లేరు. చెప్పడం మాత్రం నేనే, గుర్తుపెట్టుకోవడం నేనే. అత్తయ్యగారి కంట్లో నాలుగు గంటలకోసారి చుక్కలు వేయాలి, నేను కొట్లో నుంచి ఫోన్ చేసి 'వేశారా?' అని అడిగేదాన్ని. అలా ఒకసారి ఫోన్ మాట్లాడుతూ తక్‌పట్టీ రాస్తూ, 43 కిలోల టిక్కీని 34 అని వేశాను. ఆ రైతే చూసి, 'అమ్మా, ఒకసారి సరిచూడండి' అన్నాడు. ఆయన చూసుకోకపోతే తొమ్మిది కిలోల డబ్బు ఆ మనిషికి నా చేతి మీదుగా పోయేది. ఏడాదంతా ఎండకు ఎండి పండించిన పంట అది. ఇంటి టెన్షన్ నా ఒక్కదాని తలనొప్పితో పోదని ఆ రోజు నాకు అర్థమైంది.

సంక్రాంతి అయ్యాక అందరం కూర్చుని మాట్లాడుకున్నాం. ఎవరు తీసుకున్న పని వాళ్లదే, గుర్తుపెట్టుకోవడంతో సహా. నేను అడగను, గుర్తు చేయను. ఆవకాయ మావారు తీసుకున్నారు. 'మగాడి చేత ఆవకాయేంటమ్మాయ్' అని అత్తయ్యగారు రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. నాకూ తేలిక కాలేదు. ఏప్రిల్ రెండో వారం దాటుతున్నా ఆయన కాయల ఊసెత్తకపోతే, నోటి దాకా వచ్చిన మాట ఎన్నిసార్లు మింగానో.

ఒక ఆదివారం ఆరింటికే ఆయన రైతుబజారుకు బయల్దేరారు. వెళ్లేముందు వాళ్లమ్మ దగ్గర కూర్చుని అన్నీ అడిగారు. 'ముందు ఒక్క కాయ కొని కోయించి చూడు. కత్తి టెంక దగ్గర ఆగాలి. నోట్లో వేసుకుంటే పళ్లు పులవాలి. అప్పుడు మిగతావి తీసుకో' అన్నారావిడ. మొదటి బండి దగ్గర కోయించిన కాయ లోపల పసుపు తిరిగి ఉందట, వదిలేసి ఇంకో చోట జలాల రకం కాయలు తెచ్చారు. జాడీలు అంతకుముందే రెండు రోజులు మేడమీద ఎండాయి. ఆవాలు ఎండబెట్టి, మిక్సీ వేడెక్కితే పిండి చేదొస్తుందని ఆపి ఆపి పట్టారు. ఆ పక్కనే పీట వేసుకుని అత్తయ్యగారు ఒక్కొక్కటీ చెబుతుంటే, మావాడు ఎంట్రన్స్ పుస్తకం మూసి వచ్చి వింటున్నాడు. ఆవిడ ముఖం అంత వెలిగిపోవడం ఈ మధ్య నేను చూడలేదు.

మూడు రోజులయ్యాక, బుధవారం. కొట్లో టిక్కీల మధ్య ఉన్నాను. ఫోన్ మోగింది. 'తిరగకలిపాను. ఉప్పు సరిపోయింది, అమ్మ రుచి చూసింది. నూనె ఇంకొంచెం పోయమంది, పోశాను' అన్నారు. అడగకుండా ఇంటి కబురు దానంతటదే నా దగ్గరికి రావడం ఈ పదకొండేళ్లలో అదే మొదటిసారి.

అన్నీ ఇలాగే కుదిరాయని చెప్పను. చింతపండు ఎవరూ తీసుకోలేదు, ఇప్పటికీ గింజలతోనే డబ్బాలో ఉంది. కందిపప్పు ఎండబెట్టడం మావాడు మర్చిపోయాడు, పురుగు పట్టింది, వాడే కూర్చుని చెరుగుతున్నాడు. వడియాల దగ్గర కాకుల కాపలా మాత్రం మా అమ్మాయి ఒక్కరోజు కూడా తప్పలేదు.

అందుకని మీకు నా విన్నపం. మీ పత్రిక మా ఇంట్లో అయిదుగురం చదువుతాం. వేసవి పేజీల్లో పచ్చళ్లు, వడియాలు వేసినప్పుడు పైన 'గృహిణుల కోసం' అనే మాట తీసేయండి. ఆ మాట చూడగానే మావాడు పేజీ తిప్పేస్తాడు, తనకు సంబంధం లేదనుకుంటాడు. ఇంకొకటి, ఎన్నడూ చేయని మనిషి చదువుతున్నాడనుకుని రాయించండి. మొన్న మీరు వేసినదాంట్లో 'శుభ్రమైన జాడీలో పెట్టుకోవాలి' అని ఉంది. దయచేసి అక్కడ 'కడిగి, తుడిచి, రెండు రోజులు మంచి ఎండలో పెట్టిన జాడీ' అని వేయించండి. పోయినేడు మావాడు కూడా జాడీని శుభ్రంగానే కడిగాడు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
కొరిటెపాడు, గుంటూరు